ఓడ ఆగేది ఒక్క పగలు: విజయనగరం కోటా, పర్లాకిమిడి కోటా?

విశాఖలో క్రూజ్ టెర్మినల్ 2023లో తెరిచినప్పటి నుంచి ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒక మాట నలుగుతోంది. ఓడ దిగినవాళ్లని మన రాజావారి కోటకి తీసుకురావచ్చు కదా అని. రాగానే కాదనడం ఎందుకు, ముందు గంటల లెక్క చూద్దాం.

ఓడ ఉదయం 8కి ఆగి సాయంత్రం 6కి కదులుతుందనుకోండి. పది గంటలు చేతిలో ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ ఉండవు. అనుమతులొచ్చి, జనం మెట్లు దిగి, బస్సు పోర్టు గేటు దాటేసరికి 9.15. సాయంత్రం గంట ముందే, అంటే 5కల్లా అందరూ ఓడలో ఉండాలి. గేటు దగ్గర తనిఖీకి అరగంట తీసేస్తే 4.30. మిగిలింది ఏడుంబావు గంటలు.

విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు, బస్సులో గంటన్నర. పర్లాకిమిడి 170 దాటుతుంది. శ్రీకాకుళం వరకు హైవేనే, ఆ తర్వాత పాతపట్నం వైపు రోడ్డు సన్నబడి వేగం తగ్గిపోతుంది. పోను నాలుగు, రాను నాలుగు అనుకుంటే ఎనిమిది. కోట గుమ్మం తొక్కకుండానే టైము చాల్లేదు. కాబట్టి ఒక్క పగలు ఆగే ఓడకి విజయనగరమే. ఇది గజపతి జిల్లావాళ్లమైన మేం ఒప్పుకోవాల్సిన మాట. కోరాపుట్ వైపు ఉన్న జైపూర్ కోట ఊసు ఇక ఎత్తనే అక్కర్లేదు, మధ్యలో ఘాట్ రోడ్డు.

విజయనగరం కోట 1713 నాటిది. లోపల మాన్సాస్ ట్రస్టు కాలేజీలు నడుస్తున్నాయి, కాబట్టి కాలేజీకి పిల్లలొచ్చే వేళకి బస్సుని గేటు దగ్గర అడ్డం పెట్టకూడదు. జనాన్ని దింపేసి బస్సుని దూరంగా ఆపించాలి. బస్సుకి నలభై మంది ఉంటే ఒక్క గైడు గొంతు వెనకవాళ్లకి చేరదు. ఇరవై చొప్పున విడదీసి, ఒక జట్టుని ముఖద్వారమైన నగరాఖానా నుంచి, రెండోదాన్ని అవతలి కొస నుంచి మొదలుపెడితే ఒకరికొకరు అడ్డురారు. కోట చుట్టూ నడిచి చూడ్డానికి గంటన్నర చాలు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మాత్రం ఆ ఊసే వద్దు. దసరా దాటాక వచ్చే మంగళవారం ఊళ్లోకి బస్సు దూరదు. అసలు ఇబ్బంది తిరుగుదారిలోనే. ఆనందపురం దాటాక మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం సిగ్నళ్లు అరగంట మింగేస్తాయి. అందుకే 2 కొట్టేసరికి విజయనగరం వదలాలి. భోజనం ముందే చెప్పి ఉంచకపోతే ఆ టైము హోటల్లోనే కరిగిపోతుంది.

ఇక ఓడవాళ్ల టూరు బస్సా, సొంత టాక్సీయా? నలుగురు కలిస్తే టాక్సీయే చవక. కానీ ఓడవాళ్ల బస్సు ఆలస్యమైతే ఆ పూచీ మామూలుగా వాళ్లదే, టాక్సీ ఆలస్యమైతే మీది. ఓడ వెళ్లిపోతే తర్వాతి రేవు చెన్నై అనుకోండి, రాత్రి రైలెక్కి 780 కిలోమీటర్లు పోవాలి. ఏది తీసుకున్నా ఓడ కార్డు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు జేబులో ఉండాల్సిందే, లేకపోతే పోర్టు గేటు దగ్గరే ఆగిపోతారు.

మరి పర్లాకిమిడి ఎవరికి? ఓడ ఎక్కడానికి ముందో, దిగాకో ఒక రాత్రి చేతిలో ఉన్నవాళ్లకి. బరంపురం వైపు నుంచి విశాఖ వచ్చేవాళ్లకి పెద్ద చుట్టు కూడా కాదు. చూపించడానికి, చెప్పడానికి సరుకు ఇక్కడే ఎక్కువ. కోట కట్టడం బ్రిటిష్ వాస్తుశిల్పి రాబర్ట్ చిషోమ్ గీసిన నమూనా. చెన్నైలో ఓడ ఎక్కేవాళ్లు మెరీనా ఎదుట సెనేట్ హౌస్ చూసుంటే అదీ ఆయన చేతిదే. రెండూ చూసినవాళ్లకి పోలిక విప్పి చెప్పడం గైడుకి సులువు. నౌపడా నుంచి ఇక్కడికి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నడిచింది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఊరు ఒడిశాకి పోయింది, జమీందారీలో పెద్ద భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. పాతపట్నం దాటి నాలుగైదు కిలోమీటర్లకే రాష్ట్రం మారిపోతుంది, ఇళ్లలో భాష మారదు. గిడుగువారు పాఠం చెప్పిందీ, సవరభాష నేర్చిందీ ఈ ఊళ్లోనే.

కోట ప్రభుత్వ మ్యూజియం కాదు, వంశీకులది. అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏ గదుల్లోకి పోనిస్తారో, ఫొటోలు ఎక్కడ తీసుకోనిస్తారో అడిగి రాయించుకోవాలి. గేటు దగ్గరికొచ్చి అడిగితే బయటి నుంచి చూసి వెనుదిరగడమే.

ఆంధ్రా టాక్సీకి ఆలిండియా టూరిస్టు పర్మిట్ లేకపోతే ఒడిశా తాత్కాలిక పర్మిట్, పన్ను ముందే కట్టాలి. డ్రైవరు «చూసుకుందాం లెండి» అంటే చూసుకోకుండా కాగితం అడగండి.

కొనుక్కెళ్లడానికి కొమ్ము పని ఉంది. కొమ్ముని సెగ చూపించి మెత్తబరుస్తారు, వంచాల్సినచోట వంచి చల్లారేదాకా పట్టుంచుతారు. ఆకురాయితో రాచి, నునుపు చేసి మెరుగు పెడతారు. కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ మెడ వంపులో గీతలు చేతికి తగిలితే నునుపు పని సగంలో ఆపేసినట్టే, ఇంకోటి తీయమనండి. విదేశీ ప్రయాణికులకైతే వాళ్ల దేశం కస్టమ్స్‌లో ఇది చెప్పాల్సి రావచ్చని ముందే చెప్పి అమ్మించండి.