మూసేసిన వీధిలో స్కేట్ పార్కు: రెండు వానాకాలాలు చూశాక

ఎనిమిది అడుగుల నాలుగంగుళాలు. క్వార్టర్ పైపు, అంటే వంపు తిరిగి పైకి లేచే పెద్ద ర్యాంపు, దాని అడుగు నుంచి మ్యాన్‌హోల్ మూత అంచు దాకా ఉన్న దూరం అది, నేనే ఓ ఆదివారం పొద్దున్నే టేపు పెట్టి కొలిచా, కొలుస్తుంటే పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చి "ఏం సార్, మళ్ళ తవ్వుతరా ఏంది" అని కంగారు పడ్డాడు. లేదన్నా, ఊరికే నా కడుపుమంట కొలుచుకుంటున్నా అని చెప్పా.

వీధి ఎక్కడో రాయను, సికింద్రాబాద్ వైపు అనుకోండి చాలు, ఇప్పటికే ఆదివారాలు ర్యాంపు ఎక్కాలంటే లైన్లో నిలబడాల్సి వస్తోంది. పక్కన కొత్త రోడ్డు పడ్డాక ఇది ఎటూ పోని ముక్కలా మిగిలిపోయింది, రెండు చివరలా సిమెంటు దిమ్మెలు పెట్టేసారు, ఏడాది పాటు చెత్త, విరిగిన సోఫాలు, టెంట్‌హౌస్ వాడి కర్రలు, తర్వాత కాలనీవాళ్ళూ కొందరు కుర్రాళ్ళూ కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగి పర్మిషన్ తెచ్చుకుని పార్కు చేయించారు. ఏమేం ఉన్నాయో రీల్స్‌లో చూసే ఉంటారు, అవి మళ్ళీ చెప్పను.

మొదటి నెలలో ఫ్రెండ్స్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ ఇంకా ఉంది: "నేల అద్దం రా బాబూ, వెంటనే వచ్చేయండి". ఆ అద్దం మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి, అద్దమే కానీ మధ్యలో ఒక గుండ్రటి ముక్క తీసేసి చూడండి.

విషయం ఏంటంటే ఖాళీ స్థలంలో పార్కు కడితే కింద మట్టి తప్ప ఏముండదు, వీధిలో కడితే కింద ఆ వీధి అలాగే ఉంటుంది. పైన బండ్లు ఆగిపోయాయి గానీ కింద నుంచి రెండు వైపుల ఇళ్ళ డ్రైనేజీ అంతా పోతూనే ఉంది, లైన్ జామైతే మెషీన్ పైపు దించాలి కాబట్టి మూతని సిమెంటు కింద పూడ్చేయడానికి వీల్లేదు. అంతవరకు ఒప్పుకుంటా. కానీ క్వార్టర్ పైపుని ఇంకో ఇరవై అడుగులు వెనక్కి కట్టుకోడానికి చోటు ఉందిగా! దిగి వచ్చేటప్పుడు స్పీడంతా సరిగ్గా ఆ ఎనిమిది అడుగుల్లోనే ఉంటుంది, మనం కాళ్ళు సర్దుకునే లోపే మూత వచ్చేస్తుంది. మూత చుట్టూ వేలు దూరేంత సందు. కారు టైరుకి అది లెక్కే కాదు, 52 మిల్లీమీటర్ల స్కేట్‌బోర్డు చక్రానికి మాత్రం గుంతే. నాలాగా 99ఏ గట్టి చక్రాలు వాడేవాళ్ళకి చిన్న రాయి అడ్డొచ్చినా బోర్డు అక్కడే ఆగిపోతుంది, మనం మాత్రం ఆగం. 78ఏ మెత్తటివి వేసుకుంటే దాటేస్తాయి, కానీ వాటితో స్లైడ్‌లు, అంటే బోర్డుని అడ్డంగా జార్చడం, రావు, అందుకని రెండు సెట్లు మోసుకొచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

పోనీ పక్కకి తప్పిద్దామా అంటే రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి రెండు పక్కలకి వాలుగా ఉంటుంది కదా, వాన నీళ్ళు పోవడానికి. పైన కొత్త సిమెంటు పొర పోసినా ఆ వాలు అలాగే వచ్చేసింది. మూత ఉన్నది సరిగ్గా మధ్యలో. ఎడమకి వంగితే వాలు ఇంకాస్త ఎడమకి లాగుతుంది, అక్కడ గోడ. ఏడాది పట్టింది నాకు ఆ దారి అలవాటవ్వడానికి. ఇక్కడ నేర్చుకున్న పోరగాళ్ళని వేరే పార్కుకి తీసుకెళ్తే నున్నటి నేల మీద కూడా దిగగానే ఏమీ లేని చోట పక్కకి తప్పుకుంటారు, చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇక పోయినేడు ఆగస్టు. రాత్రి గంటన్నర కుండపోత, పొద్దున ఆరింటికి వెళ్తే మూత ఒక చోట, దాని గొయ్యి ఒక చోట. లైన్ నిండి లోపలి నుంచి తన్నేసింది. నల్లటి బురద పార్కు సగానికి పరుచుకుని ఉంది, ఆ కంపు రాయడం నా వల్ల కాదు. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి, వీధి అంటే వాన నీళ్ళకి కూడా దారే, ఇదివరకు నీళ్ళు ఆ చివరికి పారి నాలాలో కలిసేవి, ఇప్పుడు ర్యాంపు అడ్డంగా కట్టేసరికి అంతా దాని కాళ్ళ దగ్గరే మడుగు కట్టింది. ఎవరూ పట్టించుకోలేదు అది. పై ఫ్లోర్ ఆంటీ బాల్కనీలోంచి "నేను ముందే చెప్పిన, చెప్పిన్నా లేదా" అని అడుగుతుంటే మాట్లాడటానికి ఏముంది.

క్లీన్ చేసేవాళ్ళు మూడో రోజు వచ్చారు, మెషీన్ పెడితే ప్లాస్టిక్, గుడ్డలు, ఎవరో ఇల్లు కట్టుకుంటూ పారేసిన సిమెంటు గడ్డలు, సగం టెన్నిస్ బాల్ బయటికొచ్చాయి. మూత లెవెల్ కూడా సరిచేస్తామని చుట్టూ నాలుగడుగుల మేర పగలగొట్టారు. ఆహా, ఇన్నాళ్ళకి సందు పోతుంది అని నేను అందరికీ టీ తెప్పించా కూడా. సాయంత్రం కొత్త కాంక్రీటు పోసారు, రాత్రి దాని మీద సన్నగా జల్లు పడింది, ఎవరూ పట్టా కప్పలేదు. పొద్దున మేస్త్రీ గోనెసంచులు తడిపి పరిచి "వారం దాకా ఎవ్వల్ని తొక్కనియ్యకుండ్రి, పూర్తి బలం రావాల్నంటే 28 రోజులు" అని చెప్పి మరీ వెళ్ళాడు.

పిల్లలు నాలుగు రోజులు ఆగారు. 34 ఏళ్ళ నేను ఆరు రోజులు ఆగా, పెద్ద తేడా ఏం లేదు.

పచ్చి కాంక్రీటు మీద వాన పడితే పైపొరలో నీళ్ళెక్కువై అది గట్టిపడదు, ఎండాక రుద్దితే పొడి రాలుతుంది, ఇదంతా నాకు తర్వాత మేస్త్రీయే చెప్పాడు. ఆ రోజు నాకు కనిపించింది బూడిదరంగు నున్నటి నేల, సందు లేని మూత, ఏడాదిగా తప్పించుకుంటున్న చోట నేరుగా పోయే ఛాన్స్. ర్యాంపు మీద నుంచి దిగా, మూత దాటా, నిజంగానే దాటా, టక్ అని శబ్దం కూడా రాలేదు, ఆ ఆనందంలో కొంచెం తిప్పబోతే వెనక చక్రాలు ముగ్గుపిండి మీద తొక్కినట్టు జారిపోయాయి. చెయ్యి ఆనించా. మణికట్టు చిట్లింది. నేలకి పిండి, నాకు పిండికట్టు, ఆరు వారాలు. అమ్మ ఫోన్లో ఒకటే మాట, "ముప్పై దాటాక నీకా చెక్కబండి ఏంట్రా, నీ ఈడు వాళ్ళు ఇఎంఐలు కట్టుకుంటున్నారు". అమ్మా అవి కూడా కడుతున్నా అన్నా.

ఆ ప్యాచ్ ఇప్పటికీ రాలుతూనే ఉంది, వెళ్ళగానే చీపురుతో ఊడ్చాకే మొదలుపెడతాం, చీపురు ర్యాంపు వెనక ఉంటుంది, దయచేసి ఇంటికి పట్టుకుపోకండి. ర్యాంపు కింద నాలుగంగుళాల పైపు వేసారు, ఈ ఏడు మడుగు తగ్గింది.

మరి ఇన్ని తిట్టి ఎందుకెళ్తున్నావ్ అంటే లెడ్జ్ కోసం, బోర్డుతో అంచు మీద జారడానికి కట్టిన గట్టు అది. దాని పై రాయి వంటింటి గట్టుకి వేసే నల్ల గ్రానైట్, షాపులో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చారంట, అంచుకి గుండ్రటి మోల్డింగ్ కూడా ఉంది. ఒక కొవ్వొత్తి రుద్దితే చాలు, ట్రక్ (చక్రాలు బిగించే ఇనుప ఇరుసు) దాని మీద పెట్టగానే ఆ చివరికి తనే పోతుంది. నా మొదటి ఫిఫ్టీ-ఫిఫ్టీ, అంటే రెండు ట్రక్కులూ అంచు మీద పెట్టి జారడం, దాని మీదే. దాని గురించి నేను ఇదివరకు అందరికీ చెప్పినంత గొప్పది కాదులెండి ఇప్పుడు, రెండు మూలలు ఎగిరిపోయాయి, సాయంత్రమైతే కాలనీ అంకుల్స్ దాని మీద కూర్చుంటారు, ఒకాయన తెల్ల ప్యాంటుకి మైనం అంటుకుని పెద్ద పంచాయితీ అయింది, అప్పట్నుంచి ఐదు తర్వాత రుద్దకూడదని రూల్. ఐదు తర్వాత లెడ్జ్ బెంచీ అన్నమాట.

శబ్దం గొడవ కూడా ఉంది, రెండు పక్కలా ఇళ్ళే కదా, ఆరుకి ముందు, రాత్రి తొమ్మిది తర్వాత వద్దన్నారు, న్యాయమే. ఆ బాల్కనీ ఆంటీకి ఒకసారి నేను టోక్యో ఒలింపిక్స్ వీడియో చూపించా, 2021లో 13 ఏళ్ళ మోమిజి నిషియా గోల్డ్ కొట్టిన ఫైనల్. మొత్తం చూసి "గా పిల్లకి హెల్మెట్ ఏదీ" అంది. మనవరాల్ని మాత్రం పంపిస్తోంది ఇప్పుడు, హెల్మెట్‌తో.

బేరింగులు వానాకాలంలో తుప్పు పట్టి గుర్రుమంటాయి, ఆన్‌లైన్‌లో మళ్ళీ అంత ఖరీదు పెట్టకండి, రాణిగంజ్‌ షాపుల్లో 608 సైజు అని అడగండి, లోపల 8 బయట 22 మిల్లీమీటర్లు, "ఏ మోటరుకి అన్నా" అంటాడు షాపువాడు, ఏదో ఒకటి చెప్పండి. ఎండాకాలం ర్యాంపు పైనుండే ఇనుప పైపు తొమ్మిదింటికే కాలుతుంది. అమెరికాలో పోర్ట్‌ల్యాండ్‌లో 1990లో కుర్రాళ్ళు అడగకుండానే బర్న్‌సైడ్ వంతెన కింద సొంతంగా సిమెంటు పోసుకుని పార్కు కట్టుకున్నారు కదా, వాళ్ళకి పైన కప్పైనా ఉంది. మా దగ్గర కప్పు కోసం అడుగుతున్నాం, ముందు మూత సంగతి చూడమని నేను అంటున్నా, నా మాట ఎవరూ వినట్లేదు.

వెళ్ళొచ్చా అంటే నేను చెప్పేది నా లెక్కలోనే. నాకు ఇల్లు ఐదు నిమిషాలు, నైట్ షిఫ్ట్ అయ్యాక ఆరింటికి వెళ్తా కాబట్టి అప్పుడు నలుగురే ఉంటారు. కూకట్‌పల్లి నుంచో ఎల్బీ నగర్ నుంచో ఆదివారం పదింటికి వచ్చి తిరగలేకపోయాం అంటే నేనేం చేయలేను. చిన్న పిల్లల్ని అవతలి చివర చిన్న ర్యాంపు దగ్గరే ఆడించండి, అక్కడ మూతలు లేవు. వానాకాలంలో వస్తే ముందు మూత వైపు చూడండి, దాని మీద రెండు ఇటుకలు పెట్టి ఉంటే లైన్ మళ్ళీ నిండిందని అర్థం, బోర్డు బ్యాగులోంచి తీయకుండా వెనక్కి వెళ్ళిపోండి.