పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్: ఆరేళ్లు వాడిన మీదట

కడపలో మాది చిన్న డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఒంటిమిట్ట కల్యాణానికీ పెద్ద దర్గా ఉరుసుకూ పోస్టర్లు, ఇదీ పని. ఆరేళ్లుగా ఏటా చందా కట్టి ఒక పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. పేరు ఎందుకులే. చందా సాఫ్ట్‌వేర్లు చాలావాటిదీ ఇదే దారి.

5కు 3 మార్కులు వేస్తాను. పోయిన ఆ రెండూ అప్‌డేట్ల వల్లే పోయాయి.

దీనికి ముందు పేజ్‌మేకర్ వాడాను. దాని 7.0 వెర్షన్ 2001లో వచ్చింది, తర్వాత పెద్ద వెర్షన్ ఇంకోటి రాలేదు. నవ్వుతారేమో గానీ, నాకు దాంట్లో నచ్చింది అదే. తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, టైపు చేయడానికి ‘యాపిల్’ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్, కళ్లు పక్కనున్న కాగితం మీద, వేళ్లు కీల మీద. ఏ పనికి ఏ కీ అని ఒక్కరోజూ ఆలోచించలేదు. కొత్తదాంట్లో అంత చేయి తిరగడానికి రెండేళ్లు పట్టింది. తీరా తిరిగాక మెనూలు జరపడం మొదలుపెట్టారు. పైన ఉండే పట్టీ కుడిపక్కకు పోయింది. రంగుల్లో ఉండే గుర్తులన్నీ బూడిద రంగుకు మారి ఒకేలా కనిపిస్తున్నాయి. ఇవన్నీ వారం తిట్టుకుంటే అలవాటయ్యేవే. అసలు దెబ్బ వేరేచోట తగిలింది.

మాఘమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. పొద్దున షాపు తీసేసరికి కొత్త వెర్షన్ ఎక్కి కూర్చుంది. నేను పెట్టుకున్న సెట్టింగులు దాంట్లోకి రాలేదు. ఆ సంగతి నాకు తెలియదు. హడావుడిలో ఒక పెండ్లి పత్రిక కొత్తగా టైపు చేసి ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాను. గంటలో అమ్మాయి తాత నేరుగా షాపుకే వచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. ‘చి.ల.సౌ.’ పక్కన ‘లక్ష్మీ’ ఉండాల్సిన చోట ‘లక్‌ష్‌మీ’ అని ఉంది.

“ఏం నాయనా, పెండ్లి కాకముందే మా పాపను మూడు ముక్కలు చేస్తివే!”

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కంప్యూటర్‌లో అక్షరాలకు కోడ్‌లు ఇచ్చే పద్ధతి యూనికోడ్. దాంట్లో ‘క్ష’కు వేరే కోడ్ లేదు. క, పొల్లు, ష అని మూడు కోడ్‌లు వరుసగా ఉంటాయి. వాటిని కలిపి ఒత్తు కింద చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. అందుకు మన భాషల సెట్టింగు ఎంచుకుని ఉండాలి. కొత్త వెర్షన్ ఇంగ్లీషు సెట్టింగుతో మొదలైంది కాబట్టి ఒత్తులన్నీ విడిపోయాయి. పాత అను ఫాంట్లలో ఈ బాధ లేదు, ఒత్తు కూడా ఒక విడి బొమ్మే. కాకపోతే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా ఇంగ్లీషు గజిబిజి. ఆ సుఖానికి ఆ కష్టం.

పేరు సరిచేశాను. నేనూ వాళ్లూ పదిసార్లు ఆ పేరే చూసుకున్నాం. ఒత్తులు కలిశాక వరుసలు జరిగి, అడుగున కల్యాణ మండపం చిరునామాలో చివరి వరుస పెట్టె దాటి మాయమైంది. అక్షరాలు పట్టలేదని చెప్పే చిన్న ఎర్ర గుర్తు పెట్టె మూలన వచ్చే ఉంటుంది, ఎవరు చూశారు? 300 కార్డులు నా ఖర్చుతో మళ్లీ వేయించాను.

మంచి చెప్పకపోతే అన్యాయం. పీడీఎఫ్ శుభ్రంగా వస్తుంది, ఆఫ్‌సెట్ ప్రెస్‌వాళ్లు వెనక్కి పంపింది లేదు. ఉరుసు పోస్టర్‌లో తెలుగు పక్కనే ఉర్దూ కుడి నుంచి ఎడమకు సరిగ్గా పడుతుంది. పేజ్‌మేకర్‌లో అది కుదిరే పని కాదు, అప్పట్లో ఉర్దూ వేరేచోట రాయించి బొమ్మలా అతికించేవాణ్ని. అందుకే ఇంకా చందా కడుతున్నాను.

తీసుకోవాలనుకునే షాపులవాళ్లకు ఒక మాట. తనంతట తానే అప్‌డేట్ అయ్యే సెట్టింగును మొదటి రోజే ఆపేయండి. కొత్తది ఎక్కించినా పాత వెర్షన్ వెంటనే తీసేయకండి. కాకపోతే కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో నేరుగా తెరుచుకోదు, దానికోసం వేరే ఫార్మాట్‌లో కూడా దాచుకోవాలి. పని అయిపోయిన ప్రతి పత్రికకూ పీడీఎఫ్ ఉంచుకోండి. పాత ఫైలు కొత్త వెర్షన్‌లో తెరిచినప్పుడు ఆ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని వరుసవరుసా పోల్చి చూడండి.

ఇప్పుడు నేను అప్‌డేట్‌కూ పంచాంగం చూస్తున్నాను. ఆషాఢంలోనో మూఢంలోనో, పెండ్లిళ్లు లేని రోజు చూసి ఎక్కిస్తాను. నిన్నటి నుంచి తెర మూలన మళ్లీ ఒకటి వచ్చి నిలబడింది. శ్రావణం పత్రికలు చేతిలో ఇంకా పదకొండు ఉన్నాయి, అది ఆగాల్సిందే.