వయసును దాచుకున్న ముద్దాయి: ‘జెజబెల్’

ఇరెన్ నెమిరోవ్‌స్కీ 1936లో ఫ్రెంచిలో వెలువరించిన ‘జెజబెల్’ నవల న్యాయస్థానంలో మొదలవుతుంది. బోనులో నిలబడిన గ్లాడిస్ ఐసెనాక్ ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి కాల్చి చంపింది. నేరం ఒప్పుకుంటుంది, కారణం మాత్రం చెప్పదు. విచారణ చూడవచ్చిన వారి కళ్లన్నీ ఆమె ముఖం మీదే ఉంటాయి; ఈ ఈడులోనూ ఇంత అందమా అన్న ఆశ్చర్యం ముందు హత్య సంగతి వెనకబడిపోతుంది. చనిపోయినవాడు ఆమె ప్రియుడని లోకం తీర్మానించుకుంటే ఆమె కాదనదు. అతడు నిజానికి ఎవరో తెలియడం కంటే ఆ అపవాదు మోయడమే ఆమెకు తేలిక. అతడెవరో ఇక్కడ చెప్పను గాని, చురుకైన పాఠకులు సగంలోనే పసిగడతారు.

తీర్పు వెలువడ్డాక కథ వెనక్కి, గ్లాడిస్ తన అందానికున్న శక్తిని తొలిసారి రుచి చూసిన లండన్ నృత్యశాలకు వెళుతుంది. అక్కడి నుంచి ఆమె జీవితమంతా విల్లాలు, హోటళ్లు, విందులు. ఆమె చుట్టూ తిరిగే డబ్బున్న విదేశీయులకూ, బిరుదులున్న ప్రభువులకూ ఏ ఊరూ సొంతం కాదు. 1903లో కీవ్‌లో బ్యాంకరు కూతురిగా పుట్టి, రష్యా విప్లవం తర్వాత కుటుంబంతో ఫ్రాన్సు చేరిన రచయిత్రి ఈ లోకాన్ని ఇంట్లోంచే చూసింది. ఎదిగిన కూతురికి చిన్నపిల్లల దుస్తులు వేసి తన వయసు తగ్గించుకున్న తల్లి ఆమెది.

నవలలో నన్ను నిలిపివేసిన భాగం కూడా తల్లీకూతుళ్లదే. కూతురు మరీ తెరీజ్ పెళ్లి మాట ఎత్తినప్పుడు గ్లాడిస్ కోప్పడదు. బతిమాలుతుంది, ముద్దు చేస్తుంది, నువ్వింకా పసిదానివే కదా అంటుంది. కూతురికి పెళ్లయితే తన వయసు ఊరందరికీ తెలిసిపోతుందన్నదే ఆ లాలనలోని భయం. యయాతి కొడుకు యవ్వనాన్ని అడిగి తీసుకున్నాడు, తర్వాత తిరిగి ఇచ్చాడు కూడా. గ్లాడిస్ అడగకుండానే తీసుకుంటుంది, ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఈ దుర్మార్గాన్ని నెమిరోవ్‌స్కీ గొంతు పెంచకుండా, మర్యాదైన సంభాషణల్లోనే నడిపిన తీరు అసాధారణం.

లోపాలు లేకపోలేదు. అద్దం ముందు దిగులు ఒకే స్వరంలో పదేపదే వినిపిస్తుంది. గ్లాడిస్ ప్రేమించిన కౌంట్ మోంటీతో సహా మగవాళ్లెవరూ పూర్తి మనుషులుగా రూపుదిద్దుకోరు. అన్నిటికీ మించి, తన తల్లి మీద ఉన్న కసిని రచయిత్రి కొన్నిచోట్ల గ్లాడిస్ మీద తీర్చుకుందనిపిస్తుంది; బైబిల్లో దుష్టురాలిగా పేరుపడ్డ యెజెబెలు (జెజబెల్) రాణి పేరు తగిలించడంలోనే తీర్పు ముందుగా రాసిపెట్టినట్టుంది. అయినా అందం తప్ప మరే విద్యా నేర్పకుండా పెంచిన సమాజం ఆ అందం వాడిపోయే వేళకు ఆమెను బోనెక్కించిందన్న సంగతి పాఠకుల దృష్టి దాటిపోదు.

శాండ్రా స్మిత్ ఇంగ్లీషు అనువాదం సాఫీగా సాగుతుంది. చిన్న నవలే కాబట్టి, ముగించాక మొదటి అధ్యాయాన్ని మరొకసారి తిరగేయండి. సాక్షుల మాటలకూ, గ్లాడిస్ మౌనానికీ అప్పుడు పూర్తిగా వేరే అర్థం వస్తుంది.