గూగుల్ క్యాలెండర్: సాయంత్రం కాల్స్ ఉన్నవాళ్లకి ఇది చాలు

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్‌కి పనిచేసేవాళ్ల రోజు ఎలా ఉంటుందో తెలిసిందే. పగలంతా మన టీమ్ గోల, పొద్దు గూకేసరికి వాళ్ల కాల్స్, మధ్యలో అసలు పని ఎప్పుడు చేయాలో ఎవరూ చెప్పరు. దీనికోసం నెలనెలా డబ్బులు కట్టి ప్లానర్ యాప్‌లు వాడేవాళ్లున్నారు గానీ, నన్నడిగితే ఉచితంగా దొరికే గూగుల్ క్యాలెండరే చాలు. కాకపోతే అందులో మీటింగులే కాదు, మన పని కూడా పెట్టుకోవాలి.

నాకు పొద్దున 9:30 నుంచి 11:30 దాకా కోడింగ్ బ్లాక్, అంటే ఆ టైమ్ కోడింగ్‌కే అని క్యాలెండర్‌లో ముందే పెట్టుకున్న గడి, రోజూ రిపీట్ అయ్యేలా. ఆఫీస్ అకౌంట్ ఉంటే దీనికి 2021లో వచ్చిన 'ఫోకస్ టైమ్' వాడొచ్చు. ఆ టైమ్‌లో ఎవరైనా మీటింగ్ పెడితే దానంతట అదే డిక్లైన్ చేసేలా, చాట్ నోటిఫికేషన్లు మోగకుండా పెట్టుకోవచ్చు. "ఇప్పుడు కుదరదండీ" అనడానికి నోరు రాని మొహమాటస్తులకి ఇంతకంటే ఏం కావాలి! మామూలు జీమెయిల్ అకౌంట్‌లో మాత్రం ఇది ఉండదు, ఈవెంట్ పెట్టి 'బిజీ' అని మార్క్ చేసుకుని సరిపెట్టుకోవాలి. మా టీమ్‌లో ఒకాయన శుక్రవారం 10:30 నుంచి 12 దాకా రాహుకాలం అని బ్లాక్ పెట్టుకున్నారు, ఆ టైమ్‌లో ఆయన దగ్గర సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజ్ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

నాకు బాగా పనికొచ్చింది టైమ్ జోన్. సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్‌గా న్యూయార్క్ పెట్టుకుంటే రెండు టైములూ పక్కపక్కనే కనిపిస్తాయి. అక్కడి పొద్దున 9 గంటల కాల్ ఎండాకాలంలో మనకి సాయంత్రం 6:30, నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే 7:30. ఈవెంట్‌ని న్యూయార్క్ టైమ్‌లో పెట్టి ఉంటే క్యాలెండర్‌లో దానంతట అదే 7:30కి జరుగుతుంది. వంట టైమ్ మాత్రం మనమే జరుపుకోవాలి.

'స్పీడీ మీటింగ్స్' కూడా ఆన్ చేసుకోండి. మనం పెట్టే అరగంట మీటింగ్ 25 నిమిషాలకే ముగిసేలా పడుతుంది, కనీసం మంచినీళ్లు తాగడానికి టైమ్ దొరుకుతుంది.

నచ్చనిది ఏంటంటే, నిన్న చేయని పని బ్లాక్ నిన్నటి గళ్లోనే పడి ఉంటుంది, మనమే ఇవాళ్టికి లాక్కోవాలి. అందుకే కరెంటు బిల్లులాంటి చిన్న పనులు ఈవెంట్‌గా కాకుండా టాస్క్‌గా పెడితే మేలు, చేయకపోతే పెండింగ్‌లో మళ్లీ కనిపిస్తాయి. ఇంకోటి, పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ లాంటివి ఆఫీస్ క్యాలెండర్‌లో పెడితే 'ప్రైవేట్' నొక్కడం మర్చిపోకండి, షేరింగ్ సెట్టింగ్‌ని బట్టి టైటిల్ అందరికీ కనిపించొచ్చు.

ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు సరిచేసే పనిలో ఉన్నవాళ్లకి మాత్రం దీన్ని వాడమని నేను చెప్పను. ఏ క్షణాన ఏ టికెట్ (సమస్య గురించిన ఫిర్యాదు) వచ్చిపడుతుందో తెలియనప్పుడు ఎన్ని రంగుల బ్లాకులు పెట్టినా చెరుపుకోవడంతోనే సరిపోతుంది, వాళ్లకి టేబుల్ మీద ఒక కాగితం, పెన్ను చాలు.