చెన్నై ఆర్మేనియన్ చర్చి: పత్రికలంటే ఇష్టమున్నవాళ్లు సిద్ధపడి వెళ్లాల్సిన చోటు

జార్జిటౌన్‌లోని ఆర్మేనియన్ వీధిలో ఉన్న ఈ చర్చికి చాలామంది ఆరు పెద్ద గంటలున్న గోపురం చూడ్డానికే వస్తారు. గోపురం బాగుంటుంది. అయితే ఈ ఆవరణలో అన్నిటికన్నా విలువైనది హరుత్యూన్ ష్మావోన్యన్ సమాధి. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' పుట్టింది మద్రాసులో. దాన్ని రాసి, కూర్చి, అచ్చువేసి పంచింది ఈయనే.

ఇరాన్‌లోని షిరాజ్‌లో 1750లో పుట్టిన మతాచార్యుడు. ఇద్దరు కొడుకులూ ఒకే వారంలో చనిపోతే ఇల్లు విడిచి ఏకాంతంలో ఉండి, పారశీకం లోతుగా నేర్చుకున్నాడు. మద్రాసు చేరి 1789లో అచ్చుకూటం పెట్టాడు. 1794 అక్టోబరు నుంచి 1796 మార్చి దాకా 18 సంచికలు తెచ్చాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, ఇరాన్ కబుర్లు, పాత చరిత్రల భాగాలు అన్నీ ప్రాచీన ఆర్మేనియన్‌లోనే. చదివేవాళ్లు కొద్దిమంది వర్తకులు. చందాలతో పత్రిక నడవడం కష్టం. పైగా అది కంపెనీ ప్రభుత్వం పత్రికల మీద తనిఖీ మొదలుపెట్టిన కాలం. అరబిక్, పారశీక అచ్చుకు ఆయన ఆర్కాటు నవాబు అనుమతి తెచ్చుకున్నాడు. ఒక్క మనిషి, ఇద్దరు పాలకుల నీడలో ఇంత పని చేశాడంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఏమీ తెలియకుండా వెళ్తే మాత్రం ఇక్కడి సమాధులన్నీ మామూలు రాళ్లలాగే కనిపిస్తాయి. ఇక్కడ దాదాపు 350 మంది ఆర్మేనియన్ల సమాధులున్నాయి. చాలా ఫలకాలు నేలమీదే పరిచి ఉంటాయి, రాత ఆర్మేనియన్ లిపిలో ఉంటుంది. ఏళ్లను అక్షరాలతో రాస్తారు: పాత లిపిలోని 36 అక్షరాలు తొమ్మిదేసి చొప్పున ఒకట్లు, పదులు, వందలు, వేలు. అలా వచ్చిన అంకె ఆర్మేనియన్ శకంలోని ఏడు; దానికి 551 కలిపితే మన సంవత్సరం. ఉదాహరణకు 1273 అంటే ష్మావోన్యన్ కన్నుమూసిన 1824. అంకె మరీ చిన్నదైతే అది ఇరాన్‌లోని జుల్ఫాకు చెందిన ఆర్మేనియన్ వర్తకులు వాడిన వేరే శకం లెక్క కావచ్చు. అప్పుడు 1615 కలపాలి. అక్షరాల పట్టిక ఒకటి ఫోనులో పెట్టుకోండి.

మధ్యాహ్నం దాటాక మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలో చెక్కుడు గీతలకు నీడ పడి అక్షరాలు తేలిగ్గా తెలుస్తాయి. నడినెత్తిన సూర్యుడుంటే ఫొటోలో రాయి చదునుగా వస్తుంది. రాత తేలడానికి సుద్ద రుద్దడం, నీళ్లు పోయడం వద్దు, రాయి పాడవుతుంది. గంటలు మోగేది ఆదివారం ఉదయం 9:30కి. రాళ్లు తీరిగ్గా చదవాలనుకుంటే ఇంకో రోజు పెట్టుకోవడం మేలు.