చేత్తో నొక్కి సరిపెట్టని పశువైద్యశాల

మా లాబ్రడార్ భీముడికి తొమ్మిదేళ్లు. పక్కటెముకల మీద నిమ్మకాయంత మెత్తటి గడ్డ చాలాకాలంగా ఉంది. ఈమధ్య తొడ మీద బఠాణీ గింజంత గులాబీరంగు కంతి కొత్తగా లేచింది. అంతకుముందు చూపించిన చోట రెండింటినీ చేత్తో నొక్కి, "కొవ్వే, భయం లేదు" అని పంపేశారు. ఆ మాట నాకు మింగుడు పడక ఇక్కడికి తీసుకువచ్చాను.

ఇక్కడి డాక్టరమ్మ గారు ముందు ప్రశ్నలు వేశారు. ఎప్పటి నుంచి ఉంది, పెరుగుతోందా, ఒకరోజు ఉబ్బి మరోరోజు తగ్గుతోందా, అదేపనిగా నాకుతున్నాడా? ఆ తరువాత ముక్కు నుంచి తోక దాకా వెంట్రుకలు పాయలు తీసి చూశారు. చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు, చిగుళ్లు ఏదీ వదల్లేదు. కేసు కాగితం మీద కుక్క బొమ్మ గీసి, గడ్డ ఉన్నచోటల్లా చుక్క పెట్టి, స్కేలుతో కొలిచి పక్కన మిల్లీమీటర్లు వేశారు.

రెండింటిలోనూ సన్నటి సూది గుచ్చి లోపలి పదార్థం తీశారు. మత్తు అక్కరలేకపోయింది. పెద్దదాని నుంచి వచ్చింది గాజు స్లైడు మీద నూనె బొట్లలా మెరిసింది. అది లైపోమా, కొవ్వు గడ్డే. నడకకు అడ్డు రానంతకాలం దాని జోలికి పోనవసరం లేదన్నారు. చిన్నదాని స్లైడుకు రంగు వేసి మైక్రోస్కోపులో నాకూ చూపించారు: గుండ్రటి కణాలు, వాటి నిండా ఊదారంగు రేణువులు. మాస్ట్ సెల్ ట్యూమరు, అంటే క్యాన్సరు. ఇది చూపుకు ఒక్కోసారి కొవ్వు గడ్డలాగే ఉంటుందట, పిసికితే హిస్టమిన్ అనే వాపు తెచ్చే రసాయనం విడుదలై ఉబ్బుతుందట. చుట్టూ కొంత మంచి చర్మాన్ని కూడా కలిపి కోసి తీసి, ముక్కను బయాప్సీకి పంపారు. తక్కువ గ్రేడని, అంటే తీవ్రత తక్కువ రకమని, అంచుల్లో ఏమీ మిగల్లేదని తేలాక గానీ నాకు అన్నం సహించలేదు.

ఎదురింటివాళ్ల ఏడాది పగ్‌కు చెవి మీద ఎర్రటి బొడిపె వస్తే ఇక్కడే సూది పరీక్ష చేసి, హిస్టియోసైటోమా, అంటే క్యాన్సరు కాని చర్మపు గడ్డ అని చెప్పి, కోయకుండా ఆగమన్నారు. లేత వయసు కుక్కల్లో అది సాధారణంగా రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుంది, పోయింది కూడా. ఈ నిజాయితీ నాకు అన్నిటికన్నా నచ్చింది.

గడ్డ సెంటీమీటరు దాటినా, నెలైనా పోకపోయినా సూది పరీక్ష చేయించమని డాక్టరమ్మ గారు అందరికీ చెబుతారు. పుండు పడినా, రక్తం కారినా, వేగంగా పెరుగుతున్నా అంతవరకు కూడా ఆగవద్దు.

వేచి ఉండే గది మాత్రం బాగా ఇరుకు. పిల్లులకూ కుక్కలకూ ఒకటే వరుస కావడం మార్చాలి. బయాప్సీ రుసుము వేరని ముందే చెప్పాల్సింది. ఉదయం వెళితే స్లైడు ఫలితం ఆ పూటే చెబుతారు, సాయంత్రాలు రద్దీ ఎక్కువ.