మాంట్రియల్ రేవు మూతపడితే సెయింట్ జాన్ రైలు దారిని ఎంతవరకు నమ్మొచ్చు?

2024 చివర్లో టొరంటో, మాంట్రియల్ వైపు సరుకు పంపినవాళ్ళకు ఈ తేదీలు నోటికి వచ్చే ఉంటాయి. అక్టోబరు 1 నుంచి 3 వరకు అమెరికా తూర్పు తీరం, గల్ఫ్ తీరం రేవులు బంద్. 31 నుంచి మాంట్రియల్‌లో రెండు కంటైనర్ టెర్మినళ్ళలో సమ్మె. నవంబరు 4న బ్రిటిష్ కొలంబియా రేవుల్లో లాకౌట్, 10 రాత్రి మాంట్రియల్‌లోనూ లాకౌట్. 12న కెనడా కార్మిక మంత్రి కలగజేసుకున్నాక మాంట్రియల్‌లో మళ్ళీ పని మొదలైంది 16న. అలాంటప్పుడు కెనడాకు అట్లాంటిక్ వైపు చెప్పుకోదగ్గ కంటైనర్ రేవులు రెండే మిగులుతాయి: హాలిఫాక్స్, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని సెయింట్ జాన్. హాలిఫాక్స్ నుంచి రైలంటే సీఎన్ (కెనడియన్ నేషనల్ రైల్వే) ఒక్కటే. సెయింట్ జాన్‌లో సీఎన్‌తో పాటు ఇంకో దారి కూడా ఉంది. ఈ సమీక్ష ఆ రెండో దారి గురించే.

ఆ దారి మొదటి అంచె న్యూ బ్రన్స్‌విక్ సదరన్ రైల్వేది. కెనడియన్ పసిఫిక్ వదిలించుకున్న లైనును 1995లో ఇర్వింగ్ కుటుంబ సంస్థ తీసుకుని నడుపుతోంది. సెయింట్ జాన్ నుంచి మెకాడమ్ మీదుగా అమెరికా సరిహద్దు వరకు న్యూ బ్రన్స్‌విక్ సదరన్, సరిహద్దు దాటాక వాన్స్‌బరో నుంచి బ్రౌన్‌విల్ జంక్షన్ వరకు దాని సోదర సంస్థ ఈస్టర్న్ మెయిన్ రైల్వే. అక్కడ కంటైనర్ పెట్టెల్ని సీపీకేసీ (కెనడియన్ పసిఫిక్‌కు ఇప్పటి పేరు) అందుకుంటుంది. జాక్‌మన్, లాక్-మెగాంటిక్, షెర్‌బ్రూక్ మీదుగా మాంట్రియల్, ఆపై టొరంటో. 2013 జులైలో చమురు రైలు పట్టాలు తప్పి 47 మందిని బలిగొన్న లాక్-మెగాంటిక్ ఇదే. ఆ రైలు నడిపిన కంపెనీ దివాలా తీసింది, లైను చేతులు మారింది, చివరికి 2019-20లో కెనడియన్ పసిఫిక్ దాన్ని తిరిగి కొనుక్కుంది. సెయింట్ జాన్ నుంచి మాంట్రియల్‌కు ఈ దారిన సుమారు 480 మైళ్ళు. న్యూ బ్రన్స్‌విక్ ఉత్తరాన చుట్టి వెళ్ళే సీఎన్ దారికంటే బాగా దగ్గర. పైగా సీఎన్ లైను నగరానికి తూర్పు వైపు నుంచి వస్తుంది, కంటైనర్ టెర్మినల్ ఉన్నది పడమటి వైపు. న్యూ బ్రన్స్‌విక్ సదరన్‌కు ఆ అడ్డం లేదు.

మంచి మాటలు అక్కడితో ఆపి అసలు సంగతికి వద్దాం. ఇలాంటి రైల్వేల దగ్గర పట్టాలకు కొదవ ఉండదు, మనుషులకూ బండ్లకే కొదవ. రోజువారీ సరుకు కాగితం, కలప, పెట్రోలియం. దానికి సరిపడా ఇంజన్లు, క్రూలు ఉంటాయి. ఒక ఓడ అదనంగా వచ్చి వెయ్యి పెట్టెలు దింపితే అందుకు తగ్గ క్రూను ఇంకోచోటి నుంచి తేలేరు, ఎందుకంటే డ్రైవరు, కండక్టరు ఆ లైను మీద అర్హత పొందినవాళ్ళే అయి ఉండాలి. అమెరికా వైపు 12 గంటల డ్యూటీ దాటితే బండి ఎక్కడుంటే అక్కడే ఆగాలి. కెనడా వైపూ 2023 నుంచి గరిష్ఠం 12 గంటలే. సింగిల్ లైను మీద లూప్ (ఎదురు రైలుకు దారివ్వడానికి ఆగే పక్క పట్టా) పొడవుకు మించిన రైలు ఎదురైతే క్రాసింగ్ కుదరదు, ఒకటి గంటల తరబడి పడిగాపులు కాయాల్సిందే. ఈ మూడూ ఒకేసారి కలిసొచ్చేది సమ్మె వారంలోనే.

రెండో చిక్కు వెల్ కార్లు. పెట్టెలు రెండంతస్తులుగా పేర్చుకునే ఈ గుంత బండ్లు ప్రాంతీయ రైల్వేకు సొంతంగా దండిగా ఉండవు, పెద్ద రైల్వే ఖాళీవి తిప్పి పంపాలి. పెద్ద రైల్వే వాటిని ముందు తన సొంత దారులకు ఇచ్చుకోవడం సహజం. పేర్చడంలో ఒక నియమం గుర్తుంచుకోవాలి: 20 అడుగుల పెట్టెలు కిందే ఉండాలి, అదీ జతగా. వాటి పైమూలల్లో ఐబీసీ లాకులు (పై పెట్టెను కింది పెట్టెకు బిగించే తాళాలు) పెట్టి, పైన 40 అడుగుల పెట్టె దింపి, రెండు పక్కలా లాకు పడిందో లేదో చూసి గానీ బండి వదలరు. 40 మీద 20 పెట్టడం కుదరదు, మధ్యలో దాన్ని పట్టుకునే మూల ఉండదు కనుక. చీమకుర్తి గ్రానైట్ పలకలు బరువు వల్ల 20 అడుగుల పెట్టెల్లో వెళ్తాయి. ఒంటరి 20 పంపితే జత దొరికేదాకా యార్డులో కూర్చునే అవకాశం ఎక్కువ. జతగా బుక్ చేస్తే ఆ బెడద తగ్గుతుంది.

రీఫర్లకు (చల్లగా ఉంచే కంటైనర్లకు) మాత్రం ఈ దారికి తక్కువ మార్కులే. ఓడలో, టెర్మినల్లో ప్లగ్ ఉంటుంది; రైలు మీద జెన్‌సెట్ (డీజిల్ జనరేటర్) తగిలించాలి, డీజిల్ చూసుకోవాలి. మళ్ళింపు రోజుల్లో జెన్‌సెట్లకూ టెర్మినల్ ప్లగ్గులకూ ఒకేసారి కరువొస్తుంది. భీమవరం, కాకినాడ రొయ్యలు మైనస్ 18 డిగ్రీల్లో టొరంటో చేరాలంటే సెయింట్ జాన్ నుంచి లారీయే మేలు, ఖర్చెక్కువైనా.

రైలే అనుకుంటే ఇంకో మెలిక. ఈ దారి అమెరికాలోని మెయిన్ రాష్ట్రం గుండా పోతుంది. కెనడాలో దిగి కెనడాకే వెళ్ళే పెట్టె మధ్యలో అమెరికాలోకి వెళ్ళి బయటికొస్తుందన్నమాట. ఆహార పదార్థం అయితే దేశం దాటిపోయేదైనా సరే ఎఫ్‌డీఏకు (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు) ముందస్తు నోటీసు వెళ్ళాలి: రైలు మీద వస్తే సరిహద్దు చేరడానికి 4 గంటల ముందు, లారీకి 2 గంటలు. లారీ కెనడా రోడ్ల మీదే వెళ్తే ఆ గొడవే లేదు. హాలిఫాక్స్ నుంచి సీఎన్‌లో పంపినా లేదు. మాంట్రియల్‌కు బుక్ చేసిన పెట్టె సెయింట్ జాన్‌లో దిగితే కార్గో కంట్రోల్ నంబరు (కస్టమ్స్‌లో ఆ సరుకును గుర్తించే నంబరు) మారిందేమో, రిలీజ్ ఆఫీసు మారిందేమో ఆ రోజే కస్టమ్స్ బ్రోకర్‌తో సరిచూసుకోవాలి. పాత నంబరు మీద పెట్టిన క్లియరెన్స్ కొత్తదానికి అతకదు. పెట్టె టొరంటో చేరాక ఈ సంగతి బయటపడితే అప్పటికే స్టోరేజీ మీటరు తిరుగుతూ ఉంటుంది.

డబ్బు విషయంలో బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, షిప్పింగ్ లైను ఇచ్చే సరుకు రసీదు) వెనకవైపు సన్న అక్షరాలు చదవండి. సమ్మె ఉంటే వేరే రేవులో దింపి ‘ఇక్కడితో మా బాధ్యత తీరింది’ అనే హక్కు షిప్పింగ్ లైన్లు సాధారణంగా అందులో రాసుకుంటాయి. అలా అన్నాక రైలు ఛార్జీ సరుకుదారుడిదే. లైనే తన ఖర్చుతో రైలెక్కిస్తే అది వేరే లెక్క. ఏది జరుగుతుందో ఈమెయిల్లో రాయించుకోవాలి, ఫోన్ మాట పనికిరాదు. ఇంకోటి, నాలుగు రోజుల పెట్టెలు ఒకే రైల్లో గుంపుగా దిగుతాయి, స్టోరేజీ పడని ఉచిత రోజులు మాత్రం అన్నిటికీ ఒకేసారి మొదలవుతాయి. లారీ అపాయింట్‌మెంట్లు, చాసిస్‌లు (పెట్టెను మోసే ట్రెయిలర్లు) రైలు బ్రౌన్‌విల్ జంక్షన్ దాటకముందే పట్టుకోవాలి.

ఎప్పుడు బుక్ చేయాలి? 72 గంటల సమ్మె నోటీసు చూసి కదిలితే ఆలస్యమే, ఓడ అప్పటికే అట్లాంటిక్ మధ్యలో ఉంటుంది. కెనడా కార్మిక చట్టం ప్రకారం మధ్యవర్తిత్వానికి 60 రోజులు, ఆ తర్వాత 21 రోజుల విరామం, ఆపైనే సమ్మె గానీ లాకౌట్ గానీ. ఆ 60 రోజులు మొదలైన వారమే కొంత సరుకును సెయింట్ జాన్‌కు బుక్ చేసి పెట్టుకోవాలి. రోజూ వచ్చే సరుకును రైల్వే లెక్కలో ఉంచుకుంటుంది. ఉన్నట్టుండి వచ్చిపడ్డదానికి చివరి వరుసే.

అలాగని గొడవ రేవులోనే వస్తుందని లేదు. 2024 ఆగస్టు 22న సీఎన్, సీపీకేసీ రెండూ కెనడాలో తమ సిబ్బందిని లాకౌట్ చేశాయి. న్యూ బ్రన్స్‌విక్ సదరన్‌కు ఆ తగాదాతో సంబంధం లేదు. కానీ మాంట్రియల్‌కు తీసుకెళ్ళాల్సింది సీపీకేసీ కనుక, అది ఆగితే చిన్న రైల్వే నడిచినా పెట్టెలు మెయిన్ దాటి ముందుకు పోవు.

మార్కులు: 40 అడుగుల డ్రై పెట్టెలకు 5కు 4, జతగా పంపే 20లకు 3, రీఫర్లకు 2. ప్రమాదకర సరుకైతే ముందు రెండు రైల్వేల నుంచీ రాతపూర్వకంగా ఒప్పుదల తెచ్చుకోండి, ఆ తర్వాతే బుకింగ్.